మొత్తం కట్ చెయ్యున్రి

1997 వేసవి చివర నన్ను చిక్కడపల్లి శాఖకు బదిలీ చేశారు. హోదా స్కేల్ వన్ ఆఫీసరు. బ్యాంకులో ఈ మెట్టు మీద నిలబడ్డవాడి మాట క్లర్కులు వినరు, మేనేజరు మాట మాత్రం వాడు వినాలి. సేవింగ్స్ విభాగం, చెక్కుల క్లియరింగ్ నా పని. వాటితోపాటు ఎవరూ కోరుకోని మరో పని కూడా నా బల్ల మీదికి తోశారు. ఖాతాదారుల కరెంటు బిల్లులు వాళ్ల ఖాతాల్లోంచే నేరుగా చెల్లించే పథకం అది.

ఇప్పుడు ఫోను మీద వేలు ఆనిస్తే అయిపోయే పని అప్పట్లో ఎలా జరిగేదో చెప్పాలి. ఖాతాదారు ఒక్కసారి సంతకం చేసి ఒక కాగితం ఇస్తాడు. దాన్ని స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ అంటారు. ఆపమని మళ్లీ రాసిచ్చేదాకా అమల్లో ఉండే ఆదేశమన్నమాట. బిల్లులు తయారైనప్పుడల్లా విద్యుత్ శాఖ నుంచి మాకు జాబితా వచ్చేది. అందులో సర్వీసు నంబరు, అంటే ఇంటి కనెక్షన్ నంబరు, దాని ఎదురుగా బిల్లు మొత్తం ఉండేవి. మేము ఆ మొత్తాన్ని ఖాతాలోంచి తీసి, అన్నిటినీ కలిపి ఒక్క చెక్కుగా పంపేవాళ్లం. ఖాతాదారు ఎండలో క్యూ కట్టే బాధ తప్పేది. ఆ బాధ పోయిందన్న ఆనందంలో బిల్లు ఎంతొచ్చిందో చూసుకోవడం కూడా మానేసేవాడు.

ఆ కాగితంలో గరిష్ఠ పరిమితి అని ఒక గడి ఉండేది. బిల్లు ఎంత దాటితే మేము చెయ్యి పెట్టకూడదో ఖాతాదారే అందులో రాయాలి. మీటరు మతి తప్పి లక్ష చూపిస్తే ఖాతా ఊడ్చుకుపోకుండా పెట్టిన జాగ్రత్త. పై ఆఫీసులో దాన్ని రూపొందించినవారు అన్నీ ఆలోచించారు గాని తెలుగువాళ్ల గురించి ఆలోచించలేదు. కొత్త పని మొదలుపెడుతూ సున్నాతో ముగిసే అంకె రాయడానికి మా ఖాతాదారులకు చెయ్యి రాదు. ఒకరు ఐదువందల పదహార్లు అని రాస్తే, పక్కవారు వెయ్యినూట పదహార్లు అని రాసేవారు. ఆ కాగితాల కట్ట తిరగేస్తే పెళ్లిలో చదివింపుల పుస్తకం చూస్తున్నట్టుండేది. ఆశీర్వాదం పుచ్చుకునేది విద్యుత్ శాఖ.

ఏడాది తిరిగేలోగా రేట్లు పెరిగాయి. కరెంటుకు శ్లాబు పద్ధతి ఉంటుంది. వాడకం పెరిగేకొద్దీ యూనిట్ల సంఖ్యతోపాటు యూనిట్ ధర కూడా పెరుగుతుంది. ఎక్కువ కొన్నవాడికి తగ్గించి ఇవ్వడం చిక్కడపల్లి కూరగాయల మార్కెట్లో చూశాం, ఇక్కడ తంతు దానికి తలకిందులుగా ఉంటుంది. మొన్నటిదాకా పరిమితికి లోపల హాయిగా పడుకున్న బిల్లులు ఒక్కొక్కటే లేచి గోడ దూకసాగాయి. ఒక్క రూపాయి దాటినా మేము డబ్బు తీయకూడదు, బిల్లును రిటర్న్ చేయాలి. రిటర్న్ అయిన బిల్లును ఖాతాదారే వెళ్లి అపరాధ రుసుముతో కట్టుకోవాలి. మా మేనేజరు శర్మగారికి ఏ విషయాన్నైనా విపత్తుగా చూడగల శక్తి ఉండేది. రిటర్నుల జాబితా చేతిలో పట్టుకుని ఇది సంక్షోభం అన్నారు. పదహారు రూపాయల సంక్షోభమే సార్ అన్నాను. నీకు ప్రతిదీ వేళాకోళమే అని నిట్టూర్చి, ఖాతాదారులందరికీ పరిమితి పెంచుకోమని ఉత్తరాలు రాయించారు. ఉత్తరాలు చదివే అలవాటున్న ఖాతాదారులైతే అసలు ఈ పథకంలో చేరేవారే కాదని నా అనుమానం.

అలా రిటర్న్ అయినవాటిలో నర్సింగరావుగారి బిల్లు ఒకటి. ఆయనకు నారాయణగూడలో కరెంటు సామాన్ల దుకాణం, అశోక్‌నగర్‌లో సొంత ఇల్లు. కింద ఆయన కుటుంబం, పైన కిరాయికి ఒక కుటుంబం. ఇంటికంతటికీ ఒకటే మీటరు. పైవాళ్లు ఇచ్చే కిరాయిలోనే కరెంటు కూడా కలిసి ఉండేది.

పైన ఉండేది సత్యవతిగారు. వాళ్లది భీమవరం వైపు. భర్త ఒక లారీ ఆఫీసులో గుమాస్తా, నెలలో సగం రోజులు ఊళ్లు తిరుగుతాడు. ఆవిడ ఇంట్లో గ్రైండరు పెట్టుకుని దోశపిండి, ఇడ్లీపిండి రుబ్బి అమ్మేది. కోచింగుల కోసం వచ్చి గదుల్లో ఉండే కుర్రాళ్లు, పెళ్లికాని ఉద్యోగులు ఆవిడ ఖాతాదారులు. నా గది రెండు వీధుల అవతలే కాబట్టి నేనూ అందులో ఒకణ్ణి. అంటే ఈ వ్యవహారంలో నేను నిష్పాక్షికుణ్ణి కాదు. నా రాత్రి భోజనం చాలావరకు ఆ గ్రైండరు మీదే తిరిగేది.

బిల్లు తాను రాసిచ్చిన వెయ్యినూట పదహార్లు దాటి రిటర్న్ అయ్యాక నర్సింగరావుగారు ఎండలో నిలబడి దాన్ని తానే కట్టుకున్నారు. ఆ వేడి తగ్గకముందే మా శాఖకు వచ్చారు. నేను ఆ రోజు క్లియరింగ్ పని మీద బయటికి వెళ్లాను. కౌంటరులో ప్రసాద్ ఉన్నాడు. తెనాలి మనిషి, హైదరాబాద్ వచ్చి అప్పటికి కొద్ది నెలలే. పని త్వరగా చేస్తాడు, విన్నది విన్నట్టు చేస్తాడు. నర్సింగరావుగారు ఒక మాట చెప్పారు, ప్రసాద్ ఒక కాగితం ముందుకు తోశాడు, ఆయన సంతకం పెట్టారు. ఇద్దరూ తృప్తిగా విడిపోయారు. మా శాఖలో అది అరుదు.

తర్వాతి బిల్లు గడువు దాటాక ఒక శనివారం సాయంత్రం లైన్‌మన్ వచ్చి స్తంభం ఎక్కి నర్సింగరావుగారి ఇంటి ఫ్యూజు పీకేశాడు. బిల్లు చెల్లలేదని చెప్పి వెళ్లిపోయాడు. మర్నాడు ఆదివారం, బ్యాంకుకు సెలవు, అడగడానికి ఎవరూ లేరు. నర్సింగరావుగారు చీకట్లో కూర్చుని తర్కించారు. బ్యాంకుకు తాను చెప్పవలసింది చెప్పారు. అయినా బిల్లు చెల్లలేదంటే ఖాతాలో డబ్బు చాలలేదన్నమాట. చాలలేదంటే బిల్లు అంత పెద్దదన్నమాట. అంత పెద్ద బిల్లు ఎందుకొచ్చిందీ అని తల పైకెత్తితే పై వాటాలో గ్రైండరు కనబడింది. వెంటనే మెట్లెక్కి, నెలాఖరుకు ఇల్లు ఖాళీ చేయమని సత్యవతిగారికి చెప్పేశారు. తర్కంలో ఎక్కడా లోపం లేదు, మొదటి వాక్యం తప్పిస్తే.

సోమవారం మేము తలుపులు తీసేసరికి సత్యవతిగారు బయట నిలబడి ఉన్నారు. ఏడుపు లేదు, కోపం లేదు. నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నారు.

"ఒక్క ముక్క చెప్పండి. మా ఓనరు గారి బిల్లు మీ బ్యాంకు కట్టిందా, లేదా?"

ఒకరి ఖాతా సంగతి ఇంకొకరికి చెప్పకూడదు. బ్యాంకులో చేరిన రోజు మా చేత గోప్యత ప్రమాణం మీద సంతకం పెట్టిస్తారు. ఆ మాటే చెప్పాను.

"ఖాతా వివరాలు నాకెందుకండీ? మా ఇంటి చీకటి వివరాలు అడుగుతున్నాను," అన్నారావిడ.

తర్వాత విషయమంతా చెప్పారు. భర్త జీతం కిరాయికీ పిల్లల ఫీజులకూ సరిపోతుంది, మిగతా ఇల్లంతా నడిచేది పిండి మీదే. ఆదివారమంతా తిరిగి విద్యానగర్‌లోనూ అడిక్‌మెట్‌లోనూ ఇళ్లు అడిగారట. గ్రైండరు అనగానే అందరికీ ఏదో ఒక అడ్డం వచ్చిందట. ఒక ఇంటావిడైతే కుక్కను పెంచుకున్నా ఫరవాలేదు గాని గ్రైండరు మాత్రం వద్దందట. అది విని నవ్వబోయి, ఆవిడ ముఖం చూసి ఆపుకున్నాను.

ఆవిడను కూర్చోబెట్టి లోపలికి వెళ్లి చూశాను. ఖాతాలో డబ్బు నిక్షేపంగా ఉంది. లేనిది ఆదేశం. నర్సింగరావుగారి స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ రద్దయి ఉంది. ఈ సంగతి ఆవిడకు చెప్పే అధికారం నాకు లేదు. మీ ఓనరు గారిని పిలిపిస్తాను, సాయంత్రం కలుద్దాం అని మాత్రం చెప్పి పంపించి, దుకాణానికి ఫోను చేశాను.

నర్సింగరావుగారు స్కూటరు దిగి శాఖలోకి అడుగుపెడుతూనే మాట మొదలుపెట్టారు.

"నేనేమన్న సార్? లిమిట్ గిమిట్ ఏమొద్దు, మొత్తం కట్ చెయ్యున్రి అన్న. అన్ననా లేదా, గీ సార్‌నే అడుగున్రి."

ప్రసాద్ కౌంటరులోంచి తల ఎత్తాడు. "అన్నారండీ. అక్షరాలా అదే అన్నారు. అందుకే మొత్తం కట్ చేసేశాను."

"కట్ చేస్తే కరెంటెందుకు పోతది?"

"కట్ చేస్తే పోదాండీ?"

మాది ఖమ్మం. అటు మాటా ఇటు మాటా రెండూ చెవిన పడే ఊరు కాబట్టి నాకు ముందుగా వెలిగింది. లిమిట్ తీసేసి, బిల్లు ఎంతొస్తే అంత మొత్తం నా ఖాతాలోంచి కట్ చేసుకోండని ఆయన ఉద్దేశం. లిమిట్టూ వద్దు ఏమీ వద్దు, అసలు ఈ వ్యవహారమే కట్ చేసేయండని ప్రసాద్‌కు అర్థమైంది. ఒకే వాక్యం, ఒక్క అక్షరం తేడా లేదు.

"పైసలు కట్ చెయ్యమంటే ఆర్డరు కట్ చేశారు," అన్నాను. "ఆర్డరు లేక బిల్లు కట్టలేదు. బిల్లు కట్టలేదని లైన్‌మన్ కరెంటు కట్ చేశాడు. ఇందులో అందరూ కట్ చేసినవాళ్లే. కట్టినవాడే ఒక్కడూ లేడు."

ఎవరూ నవ్వలేదు. శర్మగారు అప్పటికే తన గదిలోంచి వచ్చి నిలబడి రీజనల్ ఆఫీసు, వినియోగదారుల ఫోరం, తన పింఛను, ఈ వరుసలో తలచుకుంటున్నారు. ఆయన మూడోదానికి వచ్చేలోగా నేను నర్సింగరావుగారి ఖాతాలోంచి బిల్లు డబ్బు తీయడానికి వోచర్ రాశాను. మధ్యాహ్నానికల్లా మా మెసెంజరు బిల్లు కట్టి వచ్చాడు. అపరాధ రుసుమూ, ఫ్యూజు తిరిగి పెట్టే రుసుమూ బ్యాంకు చిల్లర ఖర్చుల కింద భరించింది. ప్రసాద్ సంజాయిషీ రాశాడు. అందులో 'కట్' అన్న మాట లేకుండా రాయడానికి అతనికి గంట పట్టింది.

బ్యాంకు పని అక్కడితో అయిపోయింది. అసలు పని కాలేదు. మరి పైవాళ్ల సంగతేమిటని నర్సింగరావుగారిని అడిగాను. ఫ్యూజు పోవడం మీ తప్పు, బిల్లు పెరగడం ఆమె గ్రైండరు తప్పు, దేనిది దానికే అన్నారాయన. పైగా ఖాళీ చేయమన్న మాట మెట్ల మీద, అటు ఇటు ఇళ్లవాళ్లు వింటుండగా అన్నారు. అన్న మాట వాపస్ తీసుకుంటే రేపు వీధిలో తన ఇజ్జత్ ఏమవుతుందని ఆయన పరేషాన్.

సాయంత్రం పిండి కోసమని వాళ్లింటికి వెళ్లాను. నిజంగానే పిండి కోసం వెళ్లాను, దాంతోపాటు ఇంకో మాట కూడా పట్టుకెళ్లాను. కరెంటు వచ్చింది. ఆయన కింది మెట్టు మీద, ఆవిడ పై మెట్టు మీద నిలబడి ఉన్నారు. సంగతి మళ్లీ గ్రైండరు దగ్గరికే వచ్చింది.

"ఆ గ్రైండరు మీ దుకాణంలోనే కొన్నాను కదండీ," అన్నారు సత్యవతిగారు. "ఇది కరెంటు తినదమ్మా, వాసన చూస్తదంతే అని మీరే కదా అన్నారు."

"దుకాణంల అట్లనే అంటరమ్మా."

"మరి ఇంట్లో ఎలా అంటారండీ?"

ఆయన నా వైపు చూశారు. సాక్షి కావాలో సహాయం కావాలో తెలియలేదు. నేను పట్టుకెళ్లిన మాట బయటపెట్టాను. పై వాటాకు వేరే మీటరు పెట్టించండి, ఎవరు ఎంత తింటున్నారో అదే చెబుతుంది, రెండు ఇళ్ల వాడకం ఒకే మీటరులో కలిసి పెద్ద శ్లాబులో పడే బాధ కూడా తప్పుతుంది అన్నాను.

ఆయన ఉలిక్కిపడ్డారు. "కిరాయోళ్ల పేరు మీద మీటరా? ఇయ్యాల మీటరు నాది అంటరు, రేపు ఇల్లు నాది అంటరు. నా దోస్తు ఒకడు గట్లనే ఆగమైండు."

ఈ భయం ఆ రోజుల్లో ఇంటి యజమానులందరిలోనూ ఉండేది. దానికి నా దగ్గర మందు ఉంది. మా కాగితంలో సర్వీసు నంబరు గడి ఉంది, ఖాతా నంబరు గడి ఉంది. ఆ సర్వీసు ఎవరి పేరు మీద ఉందని అడిగే గడి లేదు. కాబట్టి మీటరు ఆయన పేరు మీదే ఉంటుంది, డబ్బు మాత్రం మా శాఖలో ఆవిడకున్న ఖాతాలోంచి వెళుతుంది. మీటరు మీ పేరు, బిల్లు ఆవిడది, ఇంతకన్నా మంచి బేరం మీ దుకాణంలో కూడా ఉండదన్నాను.

నర్సింగరావుగారు మనసులోనే లెక్క వేసుకున్నారు. "సరే, పెట్టిస్త. కిరాయిల కరెంటు పైసలు తగ్గిస్త. మొదటి బిల్లు వచ్చేదాక ఉండు. ఆ బిల్లు చూసి నువ్వే గ్రైండరు అమ్ముకుంటవ్, నేను ఖాళీ చెయ్యమనుడు గూడ అవసరం ఉండది."

"ఎక్కువొస్తే నేనే వెళ్లిపోతానండీ," అన్నారావిడ.

ఆ రాత్రి దోశలు బాగానే వచ్చాయి. ఇంకా ఎన్నాళ్లు వస్తాయో మాత్రం మీటరు చేతిలో ఉంది.

మర్నాడు శర్మగారు ఈ ఏర్పాటు గురించి విని, ఇలా చేయొచ్చో లేదో పై ఆఫీసును అడుగుదాం అన్నారు. అడిగితే వద్దనాలన్న ఆలోచన వాళ్లకు వస్తుంది సార్ అన్నాను. ఆయన జీవితంలో మొదటిసారి నా మాటలో హాస్యం కాక అనుభవం కనబడినట్టుంది, సంతకం పెట్టారు.

మీటరు వచ్చాక ఇద్దరూ ఒకే రోజు శాఖకు వచ్చి కొత్త కాగితాలు రాశారు. పరిమితి ఎంత రాయమంటారని సత్యవతిగారు అడిగారు. వస్తుందనుకున్న దానికి రెట్టింపు రాయండి, రేట్లు ఇంకా పెరుగుతాయి అన్నాను. ఆవిడ శ్రద్ధగా తలాడించి ఐదువందల పదహార్లు అని రాశారు.

పక్కనుంచి నర్సింగరావుగారు చూశారు. "చదివింపులు కాదమ్మా, కరెంటు బిల్లు. జర ఎక్కువ రాయి."

అలా అంటూనే తన గడిలో రెండువేల నూట పదహార్లు అని రాసుకున్నారు.

బిల్లులు వచ్చాయి. విద్యుత్ శాఖ జాబితా నా బల్ల మీదికి రాగానే, ఒప్పుకోవాలి, ముందుగా ఆ రెండు నంబర్లే వెతికాను. డబ్బు తీసేశాం, చెక్కు పంపేశాం. రెండు రోజులకు నర్సింగరావుగారు పాస్‌బుక్కు పట్టుకుని ప్రసాద్ కౌంటరు ముందు నిలబడ్డారు. గొంతు తగ్గించి అడిగారు.

"జర చూడున్రి సార్. ఆమెది గిన నా దాంట్ల కట్ అయిందేమో."

ప్రసాద్ ఇప్పుడు జాగ్రత్తపరుడు. "కట్ అంటే, డబ్బు తీయడమేనాండీ?"

"అదే."

ప్రసాద్ ఆయనను నా దగ్గరికి పంపించాడు. ఆయన పాస్‌బుక్కు నా ముందు తెరిచి పెట్టారు. గ్రైండరు వేరే మీటరుకు వెళ్లిపోయినా ఆయన బిల్లు పెద్దగా తగ్గలేదు. పైవాళ్ల బిల్లు చేయి జారి ఇందులో పడి ఉంటుందని ఆయన నమ్మకం. ఆయన సర్వీసు నంబరునూ జాబితానూ పక్కపక్కన పెట్టి చూపించాను. ఆయనదే. ఆవిడ బిల్లు ఎంతని ఆయన అడిగారు. గోప్యత ప్రమాణం గుర్తుచేశాను. మీటరు మీ పేరు మీదే ఉంది, బిల్లు కాగితం మీ గుమ్మంలోనే పడుతుంది, నన్నెందుకు అడుగుతారన్నాను. ఆ కాగితం అప్పటికే ఆయన జేబులో ఉంది. తీసి చూపించారు. ఐదువందల పదహార్లలో మూడోవంతు కూడా లేదు.

"మరి నాదెందుకు ఇంతొస్తది సార్? నా ఇంట్ల ఏమున్నదని?"

అని వేళ్లు మడవడం మొదలుపెట్టారు. గీజరు. కూలరు. రెండు ఫ్రిజ్‌లు, అందులో ఒకటి దుకాణంలో రంగు నచ్చక ఎవరూ కొననిది. ఇస్త్రీపెట్టె, బోరు మోటారు. దుకాణంలో అమ్ముడుపోని ప్రతి వస్తువుకూ ఆయన ఇంట్లో ఒక ప్లగ్గు ఉన్నట్టు తేలింది. చెయ్యి పూర్తిగా పిడికిలి అయ్యాక ఆయన ఆగారు. ఆ పిడికిలి వైపు కాసేపు చూసి, దాన్ని జేబులో పెట్టుకున్నారు.

లేచి వెళ్తూ వెనక్కి తిరిగారు. "ఆమెకు చెప్పున్రి, ఉండమని."

మీరే చెప్పొచ్చు కదా, మీ మెట్లే కదా అన్నాను.

"నేను చెప్తే ఓడిపోయినట్టుంటది. మీరు ఎట్లాగూ పిండికి పోతరు కద."

సాయంత్రం పిండి తీసుకుంటూ ఆ వార్త అందించాను. సత్యవతిగారు గిన్నె తుడుస్తూ విన్నారు.

"తెలుసండీ. వాళ్లావిడ పొద్దున్నే వచ్చి పిండి పట్టుకెళ్లారు. రేపటినుంచి రోజూ పంపమన్నారు."

నర్సింగరావుగారి భార్య అంతకుముందు ఆ గ్రైండరు పిండి ముట్టలేదు. ఆ తర్వాత నాకు ఒక్కోసారి పిండి మిగిలేది కాదు. ఆ ఇంటి శాంతికి నేను చెల్లించింది అదే.

ఈ ఉదంతం తర్వాత నా పని పద్ధతి కొంత మారింది. ఖాతాదారు నోట 'కట్' అనే మాట రాగానే, తీసుకోవాలా, తీసేయాలా అని అడిగి, జవాబు విన్నాకే కలం పట్టేవాణ్ణి. నా దగ్గర పని నేర్చుకున్నవాళ్లకూ అదే నేర్పాను. పరిమితి గడి విషయంలో మాత్రం ఓడిపోయాను. అది బిల్లుకు పెట్టుకునే హద్దు, శుభకార్యానికి పెట్టే సంఖ్య కాదని ఎందరికి చెప్పినా, తలాడించి, చివర పదహారు చేర్చేవారు. నేను రిటైరైన రోజు సిబ్బంది ఇచ్చిన కవరు విప్పి చూశాను. అందులోనూ చివర పదహారే ఉంది.